శూన్యానికి కొలత: అధిక ఉష్ణోగ్రతల్లో సచ్ఛిద్ర సిరామిక్ పదార్థాలు

ఫర్నేసు లోపల 1,200 డిగ్రీల సెల్సియస్ వేడి రగులుతుండగా, ఒక జానెడు మందం గోడకు ఇవతల మనిషి నిలబడి పనిచేయగలుగుతున్నాడంటే, ఆ గోడలోని పదార్థం ఎంత పని చేస్తోందో అందులోని ఖాళీ అంతకంటే ఎక్కువ పని చేస్తోందని అర్థం. సచ్ఛిద్ర సిరామిక్ అంటే ఒళ్లంతా సన్నని రంధ్రాలతో నిండిన సిరామిక్. అల్యూమినా, సిలికా, జిర్కోనియా, ముల్లైట్ వంటి అలోహ సమ్మేళనాలను కాల్చి గట్టిపరచి, ఆ గట్టిదనంలోనే సగానికి పైగా, కొన్నిటిలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఖాళీ మిగిలేలా చేసిన పదార్థం. ఆ ఖాళీ ఎంత అన్నదానికంటే అది ఏ పరిమాణంలో, ఏ ఆకారంలో, ఎంతకాలం చెదరకుండా ఉంటుందన్నదే ఈ పదార్థాల మంచిచెడులను తేలుస్తుందన్నది ఈ ఉపన్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

కొలిమి ముందూ బట్టీ ముందూ జీవితం గడిపి, చేసిన వస్తువు మీద తమ పేరు చెక్కుకోకుండానే వెళ్లిపోయిన పనివారి స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం. సిడ్నీ నగరానికి వాయవ్యాన ఉన్న కెల్లీవిల్‌లో తెలుగు శ్రోతల ముందు ఈ విషయం చర్చించడానికి తగిన కారణమే ఉంది. ఇటుకమట్టికి పేరుపొందిన వియానమట్ట షేల్ పొరల మీద ఆ ప్రాంతమంతా విస్తరించి ఉంది. వేసవి వడగాలులూ కార్చిచ్చులూ ఇంటి నిర్మాణాన్ని శాసించే నేల అది. మరోవైపు, తెలుగు నేల మీద నిప్పుతో చేసిన పనులకు కొన్ని శతాబ్దాల చరిత్ర ఉంది. ఈ రెండు చోట్ల అనుభవాన్నీ ఒకే భౌతికశాస్త్ర సూత్రంతో చదవవచ్చు.

వేడి నడిచే దారులు

ఒక గోడ గుండా వేడి మూడు దారుల్లో నడుస్తుంది. ఘనపదార్థంలోని అణువుల కంపనం ఒకదాని నుంచి మరొకదానికి అందడం వహనం; వేడెక్కిన గాలి తానే కదిలి వేడిని మోసుకుపోవడం సంవహనం; వేడి ఉపరితలం నుంచి వెలువడే పరారుణ కిరణాలు ఎదుటి ఉపరితలాన్ని చేరడం వికిరణం. వీటిలో సంవహనాన్ని అదుపు చేయడం తేలిక, ఎందుకంటే రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకపోతే అందులోని గాలికి చుట్టు తిరిగే చోటు దొరకదు. మిగిలిన రెండింటితోనే అసలు చిక్కు.

ఒక మీటరు మందం, ఒక చదరపు మీటరు వైశాల్యం ఉన్న దిమ్మకు రెండు ముఖాల మధ్య ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఎన్ని వాట్ల వేడి దాటుతుందో ఆ సంఖ్యే ఉష్ణవాహకత. గది ఉష్ణోగ్రత వద్ద రంధ్రాలు లేని అల్యూమినాకు అది సుమారు 30, గాజులాంటి సిలికాకు సుమారు 1.4, కదలని గాలికి 0.026. అంటే సిలికాను తీసి ఆ చోట గాలిని నింపిన ప్రతిసారీ వేడికి దారి యాభై రెట్లకు పైగా ఇరుకవుతుంది. ఘనభాగం ఎంత తగ్గితే, మిగిలినది ఎంత వంకరటింకరగా సాగితే, వహనం అంత తగ్గుతుంది. పాత కాలపు ఉష్ణనిరోధక ఇటుకలన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడిచాయి. పొయ్యి, బట్టీ, బాయిలరు వంటి మితమైన వేడిమి గల చోట్ల అది చాలింది కూడా.

ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ మాత్రం లెక్క మారుతుంది. వికిరణం ద్వారా సాగే వాహకత కెల్విన్ మానంలో ఉష్ణోగ్రత ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది కనుక, 300 కెల్విన్ నుంచి 1,500 కెల్విన్‌కు, అంటే సుమారు 27 డిగ్రీల సెల్సియస్ నుంచి 1,227 డిగ్రీలకు వెళ్లేసరికి అది 125 రెట్లవుతుంది. చల్లగా ఉన్నప్పుడు లెక్కలోకి రాని దారి, వేడెక్కాక రాజమార్గమవుతుందన్నమాట.

రంధ్రం ఎంత ఉండాలి

ఈ మార్పును ఒకే ఒక రంధ్రం మీద లెక్క వేసి చూడవచ్చు. రంధ్రం గోడలు పూర్తిగా నల్లని వస్తువులా కిరణాలను పీల్చి వెలువరిస్తాయని అనుకుంటే, ఒక మిల్లీమీటరు వెడల్పు గల రంధ్రం గుండా వికిరణం మోసే వాహకత 27 డిగ్రీల వద్ద 0.006 మాత్రమే; 1,227 డిగ్రీల వద్ద అదే రంధ్రం 0.77 మోస్తుంది. ఆ వేడిలో గాలి వాహకత 0.1కి దగ్గరగా ఉంటుంది కాబట్టి, రంధ్రంలోని గాలి మోసే దానికి ఏడెనిమిది రెట్లు కిరణాలు దాటించేస్తాయి. అదే రంధ్రాన్ని 10 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో నూరోవంతుకు కుదిస్తే వికిరణ భాగం 0.008కి పడిపోతుంది. మొత్తం ఖాళీ ఏమాత్రం మారకుండానే, దాన్ని నూరు రెట్లు సన్నని గదులుగా విభజించినందువల్ల వచ్చిన లాభమిది. ఒక్క మందపాటి తెరకు బదులు నూరు పలుచని తెరలు వరుసగా కట్టినట్టు, ప్రతి గోడా కిరణాన్ని కొంత ఆపి, కొంత వెనక్కి తిప్పుతుంది.

రంధ్రాన్ని ఇంకా కుదిస్తే మరో లాభం మొదలవుతుంది. గాలి అణువు మరో అణువును ఢీకొనే ముందు ప్రయాణించే దూరాన్ని సగటు స్వేచ్ఛాపథం అంటారు. మామూలు పీడనం, గది ఉష్ణోగ్రతల వద్ద అది సుమారు 70 నానోమీటర్లు, 1,000 డిగ్రీల వద్ద సుమారు 300 నానోమీటర్లు. రంధ్రం దీనికంటే చిన్నదైతే అణువులు ఒకదానినొకటి తాకడానికి బదులు గోడలనే తాకుతూ ఉంటాయి. వేడిని ఒకదాని నుంచి ఒకటి అందుకునే అవకాశం తగ్గిపోయి, ఆ రంధ్రంలోని గాలి కదలని గాలికంటే కూడా తక్కువ వేడిని మోస్తుంది. అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టీవెన్ కిస్ట్లర్ 1931లో ప్రకటించిన ఏరోజెల్ ఈ సూత్రానికి చక్కని రుజువు. జెల్‌లోని ద్రవాన్ని, దాని సందిగ్ధ స్థితికి మించిన పీడనం, ఉష్ణోగ్రతల వద్ద తొలగించి, జాలకం కుంగకుండా ఎండబెట్టి ఆయన ఈ పదార్థాన్ని సాధించాడు. గది ఉష్ణోగ్రత వద్ద సిలికా ఏరోజెల్ వాహకత 0.013 నుంచి 0.020 దాకా, అంటే కదలని గాలికంటే తక్కువ.

అయితే ఇక్కడే ఒక వైరుధ్యం ఎదురవుతుంది. వేడి వస్తువు వెలువరించే కిరణాల తరంగదైర్ఘ్యం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 1,500 కెల్విన్ వద్ద అది 2 మైక్రాన్లకు దగ్గరలో శిఖరానికి చేరుతుంది. కిరణాన్ని బాగా చెదరగొట్టాలంటే రంధ్రమో రేణువో దాదాపు అంత పరిమాణంలోనే ఉండాలి. నానోమీటర్లలో ఉన్న రంధ్రాలను ఆ కిరణం గుర్తించనట్టే దాటిపోతుంది. అందువల్లే సిలికా ఏరోజెల్ చల్లని చోట అద్భుతంగా పనిచేసి, కొన్ని వందల డిగ్రీల వద్ద 3 నుంచి 8 మైక్రాన్ల కిరణాలకు కిటికీలా తెరుచుకుంటుంది. గాలిని అదుపు చేయడానికి 300 నానోమీటర్లలోపు రంధ్రమూ, కిరణాన్ని అదుపు చేయడానికి మైక్రాన్ల స్థాయి నిర్మాణమూ కావాలి. ఒకే పరిమాణపు రంధ్రంతో రెండు పనులూ జరగవు. ఏరోజెల్‌లో టైటానియానో సిలికాన్ కార్బైడ్‌నో సన్నని పొడిగా కలిపి కిరణాలను అడ్డుకోవడం, పెద్ద రంధ్రాల గోడల్లోనే చిన్న రంధ్రాలు ఉండేలా అంచెల నిర్మాణం చేయడం ఈ వైరుధ్యానికి నేటి సమాధానాలు. ఇటీవలి పరిశోధనలో ఎక్కువ భాగం ఈ రెండు దారుల్లోనే సాగుతోంది.

ఊక, మూస, ఇటుక

సిరామిక్‌లో ఖాళీని కావాలని చేయడం కొత్త విద్య కాదు. తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకు పేరుపొందిన ఊరు. ఇనుమును మట్టి మూసలో మూసిపెట్టి గంటల తరబడి కరిగించి, అధిక కర్బనం గల ఉక్కు ముద్దలను అక్కడ తీసేవారు. ఆ ఉక్కు కోసం పారశీక వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చేవారు. హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పనిని చూసి రాసిన వర్ణన 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఆ మూస చేసే మట్టిలో వరి ఊక కలిపేవారు. దక్కన్ మూసల శకలాలను ప్రయోగశాలలో పరిశీలించిన థెల్మా లోవ్, మట్టిలోని ఊక కాలిన తరువాత అందులోని సిలికా అస్థిపంజరంలా మిగిలి, చుట్టూ ఏర్పడిన ముల్లైట్ స్ఫటికాలతో కలిసి మూసకు గట్టిదనాన్ని ఇచ్చిందని చూపింది. ఊకను కాలిస్తే సుమారు అయిదోవంతు బూడిద మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికాయే. గాలి తక్కువగా ఉన్న కొలిమిలో ఊకలోని కర్బనం కూడా పూర్తిగా కాలిపోకుండా మూస గోడలోనే బొగ్గుగా నిలిచిపోతుంది.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టం చేయాలి. మూస పని వేడిని ఆపడం కాదు, వేడిని లోపలికి పోనిస్తూ తాను పగలకుండా నిలబడడం. కనుక కోనసముద్రం మూసను ఉష్ణనిరోధకంగా చెప్పడం సరికాదు. కానీ అదే ఊకను అదే మట్టిలో కలిపి గాలి బాగా ఆడే బట్టీలో కాలిస్తే కర్బనమంతా వెళ్లిపోయి, ఊక గింజ పొట్టు ఆకారంలో ఖాళీ మిగులుతుంది. అలా తయారైనది తేలికైన ఉష్ణనిరోధక ఇటుక. కలిపిన సరుకు ఒకటే అయినా, కొలిమిలోకి వదిలిన గాలి ఎంతన్నది ఒకచోట బొగ్గునూ, మరోచోట రంధ్రాన్నీ ఇచ్చింది. పదార్థ గుణాన్ని తయారీ పద్ధతి శాసిస్తుందన్న నేటి పదార్థ విజ్ఞాన సూత్రానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలుగువారికి దొరకదు.

ఆ ఇటుక వల్ల ఒరిగేదేమిటో అంకెల్లో చూడవచ్చు. 230 మిల్లీమీటర్ల మందం గోడకు లోపలికీ బయటికీ 1,000 డిగ్రీల తేడా ఉందనుకుంటే, వాహకత 1.4 గల గట్టి ఫైర్‌బ్రిక్ గోడ చదరపు మీటరుకు సుమారు 6,100 వాట్ల వేడిని పోగొడుతుంది, వాహకత 0.3 గల తేలిక ఇటుక గోడ సుమారు 1,300 వాట్లే పోగొడుతుంది. రోజూ వెలిగించి చల్లార్చే బట్టీల్లో గోడ తాగే వేడి మరో నష్టం. గట్టి ఇటుక ఘనపు మీటరుకు 2,100 కిలోలు, తేలిక ఇటుక 800 కిలోలు తూగితే, గోడ సగటున 700 డిగ్రీలు వేడెక్కడానికి చదరపు మీటరుకు మొదటిది సుమారు 340 మెగాజౌళ్లు, రెండోది సుమారు 130 మెగాజౌళ్లు పీల్చుకుంటుంది. ఆ తేడా ప్రతి విడతలోనూ ఇంధనంగా కాలిపోవలసిందే.

రంధ్రాన్ని చేసే పద్ధతులు

కాలిపోయే పదార్థాన్ని కలిపి ఖాళీ చేసే పద్ధతిని ఇప్పుడు ఊకతోనే కాక రంపపు పొట్టుతో, పిండితో, పాలీస్టైరీన్ పూసలతో కూడా చేస్తున్నారు. రంధ్రం ఆకారాన్ని కలిపిన గింజ ఆకారమే నిర్ణయిస్తుంది. రెండో పద్ధతిలో స్పాంజిని సిరామిక్ పొడి కలిపిన చిక్కని ద్రావణంలో ముంచి, పిండి, ఆరబెట్టి కాలుస్తారు. స్పాంజి కాలిపోయి దాని నకలు సిరామిక్‌లో మిగులుతుంది. 1963లో పేటెంట్ పొందిన ఈ పద్ధతితో తయారైన నురగలు కరిగిన లోహాన్ని వడగట్టడానికి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. రంధ్రాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండడం వడపోతకు వరమే కానీ వేడిని ఆపడానికి లోపం. మూడో పద్ధతి, ద్రావణాన్నే సబ్బునురగలా నురగెత్తించి గట్టిపరచడం. ఇందులో మూసుకుపోయిన గదులు ఎక్కువగా వస్తాయి. నాలుగోది, నీటితో కలిపిన పొడిని ఒక వైపు నుంచి గడ్డకట్టించి, ఆ మంచు పలకలను శూన్యంలో ఆవిరిగా తొలగించడం. మంచు పెరిగిన దిశలోనే పొడవాటి రంధ్రాలు నిలుస్తాయి. ఆ దిశకు అడ్డంగా వేడి తక్కువగా, నిలువుగా బలం ఎక్కువగా ఉండేలా అమర్చుకునే వీలు ఈ పద్ధతిలోనే ఉంది.

వీటికి తోడు, ఖాళీ ముందే చేసిపెట్టి ఉన్న ముడిసరుకు తెలుగు రాష్ట్రాల్లో పుష్కలంగా పడి ఉంది. బొగ్గుతో నడిచే థర్మల్ విద్యుత్కేంద్రాల ఫ్లై యాష్‌లో సెనోస్ఫియర్లనే బోలు గోళాలు ఉంటాయి; కొలిమిలో కరిగిన బూడిద బొట్టు లోపలి వాయువు ఉబ్బడం వల్ల అవి ఏర్పడతాయి. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం వంటి చోట్ల బూడిద చెరువుల నీటి మీద తేలే ఈ పదుల మైక్రాన్ల గోళాలను తీసి, బంకమట్టితో కలిపి కాలిస్తే రంధ్రాలు మూసుకుని ఉండే తేలిక ఇటుక తయారవుతుంది. నెల్లూరు తీరాన చిల్లకూరు ప్రాంతపు సిలికా ఇసుక, భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల ఇసుకలో కలిసి ఉన్న సిల్లిమనైట్, జిర్కాన్, గూడూరులో సిరామిక్ సాంకేతిక విద్యకు ఉన్న ప్రభుత్వ డిప్లొమా సంస్థ, హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధనాలయం వీటికి చేరికలు. కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ కింద ఉన్న ఆ పరిశోధనాలయం సిరామిక్ తేనెపట్టు దిమ్మలతో పాటు, సిలికా ఏరోజెల్‌తో వంగే ఉష్ణనిరోధక షీట్ల సాంకేతికతను కూడా అభివృద్ధి చేసింది.

శ్రీహరికోట పలకలు

ఈ పదార్థాల శక్తీ బలహీనతా ఒకేచోట బయటపడే రంగం అంతరిక్ష నౌక. అమెరికా స్పేస్ షటిల్ అడుగుభాగాన్ని కప్పిన, నల్లని పూత గల సిలికా పలక ఘనపు మీటరుకు 144 కిలోలే తూగుతుంది. సిలికా సాంద్రత 2,200 కనుక ఆ పలకలో పదార్థం వందకు ఆరేడు పాళ్లు, మిగిలినదంతా ఖాళీ. స్వచ్ఛమైన సిలికా పోగులను నీటిలో కలిపి, అచ్చుపోసి, కాల్చి తయారుచేసిన ఆ పలకను 1,260 డిగ్రీల ఓవెన్ నుంచి తీసిన కొద్ది క్షణాలకే మూలలు పట్టుకుని ఒట్టి చేత్తో ఎత్తవచ్చు. లోపల ఇంకా ఎర్రగా వెలుగుతున్నా, మూలల్లో ఉన్న కొద్దిపాటి పదార్థం చేతికి అందించగల వేడి చాలా తక్కువ. అల్యూమినియం దేహాన్ని 177 డిగ్రీలలోపు ఉంచడం ఆ పలక బాధ్యత. అల్యూమినియం వ్యాకోచం పలకను పగలగొట్టకుండా మధ్యలో ఫెల్ట్ పొరను సిలికాన్ జిగురుతో అతికించేవారు.

భారతదేశంలో ఈ విద్య 2007లో తొలి పరీక్షను నెగ్గింది. జనవరి 10న పీఎస్ఎల్‌వీ-సీ7 రాకెట్‌లో శ్రీహరికోట నుంచి బయలుదేరిన 550 కిలోల ఎస్ఆర్ఈ-1 గుళిక పన్నెండు రోజుల తరువాత బంగాళాఖాతంలో దిగి భద్రంగా దొరికింది. ముక్కు భాగంలో కార్బన్ ఫీనాలిక్, మిగిలిన దేహం మీద సిలికా పలకలు దాన్ని కాపాడాయి. 2016 మే 23న శ్రీహరికోట నుంచే ఎగిరిన ఆర్‌ఎల్‌వీ-టీడీ రెక్కల వాహనం సుమారు 65 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, ధ్వనివేగానికి సుమారు అయిదు రెట్ల వేగంతో దిగివస్తూ, సుమారు 600 పలకల రక్షణలో తన ప్రయాణాన్ని పూర్తి చేసింది. రెండు ప్రయోగాలూ కొద్ది నిమిషాల వేడిని తట్టుకోవడానికి ఉద్దేశించినవి కాగా, వందసార్లు ఎగిరే వాహనానికి కావలసిన మన్నిక వేరే ప్రశ్న.

అందుకు కారణం బలం. పెళుసైన నురగల బలం, ఘనభాగపు నిష్పత్తి ఒకటిన్నర ఘాతంతో పెరుగుతుందని పదార్థ శాస్త్రవేత్తలు గిబ్సన్, ఆష్బీల విశ్లేషణ చెబుతుంది. ఆ సూత్రంలోని గుణకాన్నీ కలుపుకుంటే, ఘనభాగం పదింట ఒక వంతైన నురగ, అదే పదార్థపు గట్టి దిమ్మ బలంలో వందకు ఒక్క పాలు కూడా మోయలేదు. ఘనభాగాన్ని మూడు రెట్లు చేస్తే బలం అయిదు రెట్లు దాటుతుంది కానీ వేడికి దారీ పెరుగుతుంది. తేలికదనానికీ బలానికీ మధ్య జరిగే ఈ బేరం నుంచి ఏ పదార్థమూ తప్పించుకోలేదు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు ప్రాణాలు కోల్పోయిన కొలంబియా షటిల్ దుర్ఘటనలో పగిలింది సిలికా పలక కాదు, ఎడమ రెక్క అంచున ఉన్న కార్బన్ ఫలకం. ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురగ ముక్క దానికి రంధ్రం చేసింది. తిరిగి భూవాతావరణంలోకి వచ్చేటప్పుడు మండుతున్న వాయువులు ఆ ఒక్క దారిలో రెక్కలోకి చొరబడ్డాయి. అనుకోని రంధ్రం ఒకటి, లెక్కగట్టి చేసిన కోట్లాది రంధ్రాల పనిని వ్యర్థం చేయగలదు.

కాలం చేసే మార్పు

రంధ్రం శాశ్వతం కాదన్నది రెండో చిక్కు. వేడిలో ఉన్న ప్రతి సిరామిక్ తన ఉపరితల వైశాల్యాన్ని తగ్గించుకోవాలని చూస్తుంది. రేణువులు దగ్గరపడి చిన్న రంధ్రాలు మూసుకుంటాయి, పెద్దవి ఇంకా పెద్దవవుతాయి. సిలికా ఏరోజెల్ 600 డిగ్రీలు దాటాక కుంచించుకుపోవడానికి కారణం ఇదే. అల్యూమినా, ముల్లైట్ ఆధారిత ఏరోజెల్‌లు 1,000 డిగ్రీలకు పైన నిలబడతాయి కానీ వాటి వాహకత ఎక్కువ. అమ్మకపు పత్రాల్లో గది ఉష్ణోగ్రత వాహకతను పెద్ద అక్షరాలతో అచ్చువేసే ఉత్పత్తులను ఎంచేటప్పుడు, వాడబోయే ఉష్ణోగ్రత వద్ద, వెయ్యి గంటల తరువాత, కుంచించుకుపోయిన శాతంతో కలిపి ఆ అంకె ఎంత అని అడగాలి. సచ్ఛిద్ర సిరామిక్ విలువ తొలిరోజు కొలతలో కంటే ఆ ప్రశ్నకు వచ్చే సమాధానంలోనే ఉంది.

ఊపిరితిత్తుల లెక్క

ఉష్ణనిరోధక పదార్థాల చరిత్రను పనివారి ఆరోగ్యం నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు, ఆస్ట్రేలియాలో అయితే అసలే కాదు. నీలి ఆస్‌బెస్టాస్ తవ్విన పశ్చిమ ఆస్ట్రేలియాలోని విట్‌నూమ్ పట్టణం ఆ పదార్థం మోసిన మరణానికి గుర్తుగా మిగిలింది; 2003 డిసెంబరు 31 నుంచి దేశమంతటా ఆస్‌బెస్టాస్ నిషిద్ధం. దాని స్థానంలో వచ్చిన, అధిక వేడిని తట్టుకునే (రిఫ్రాక్టరీ) సిరామిక్ పోగులను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవిగా వర్గీకరించింది. వీటికి ప్రత్యామ్నాయంగా కాల్షియం, మెగ్నీషియం సిలికేట్ పోగులు వచ్చాయి. ఊపిరితిత్తుల ద్రవంలో అవి త్వరగా కరుగుతాయి.

పోగు మారినా మరో ప్రమాదం మిగిలే ఉంది. సుమారు 1,000 డిగ్రీలకు పైన ఎక్కువకాలం ఉన్న సిలికా పోగుల్లో క్రిస్టబలైట్ అనే స్ఫటికం పుడుతుంది. అది పొడై ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ కారకమే. కాబట్టి కొత్త పలకను అమర్చే పనివాడికంటే, పదేళ్ల తరువాత పాత లైనింగ్‌ను ఊడదీసే పనివాడికి ప్రమాదం ఎక్కువ. వంటింటి గట్టు రాయి కోసే కార్మికుల్లో సిలికోసిస్ పెరగడంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి కృత్రిమ రాతి పలకల వాడకాన్ని నిషేధించింది. అటువంటి నిషేధానికి ప్రపంచంలో మొదటి దేశం అదే. ఈ నిర్ణయం సచ్ఛిద్ర సిరామిక్ రంగానికి నేరుగా వర్తించకపోయినా, పదార్థం వాడుకలో ఉన్నంతకాలమే కాక, దాన్ని తొలగించే రోజున కూడా దుమ్మును లెక్కలోకి తీసుకోవాలన్న నియమాన్ని స్పష్టంగా నిలబెట్టింది. హైదరాబాద్ శివార్ల ఫౌండ్రీలూ తెలుగు జిల్లాల ఇటుక బట్టీలూ అదే నియమానికి లోబడవలసినవే.

కార్చిచ్చు ముందు గోడ

కెల్లీవిల్ పరిసరాల్లో ఈ శాస్త్రం ఇంటి గోడ దాకా వచ్చింది. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో 173 మందిని బలిగొన్న కార్చిచ్చుల తరువాత అదే ఏడు కొత్త రూపంలో వచ్చిన ఏఎస్ 3959 ప్రమాణం, అడవికి దగ్గరగా కట్టే ప్రతి ఇంటికీ అది తట్టుకోవలసిన వేడిని లెక్కగట్టింది. చదరపు మీటరుకు 12.5, 19, 29, 40 కిలోవాట్ల వికిరణాన్ని సూచించే మెట్లూ, వాటిపైన మంటే నేరుగా తాకే మెట్టూ అందులో ఉన్నాయి. పొదలూ చెట్లూ దగ్గరున్న స్థలంలో కొత్తగా ఇల్లు కట్టుకునే తెలుగు కుటుంబం తన నక్షా ఆమోదం పొందే ముందు ఈ అంకెలను చూడక తప్పదు; కిటికీ అద్దం, తలుపు సందు, పైకప్పు అంచు అన్నీ వాటిని బట్టే మారతాయి.

ఆటోక్లేవ్‌లో ఆవిరి పీడనం కింద గట్టిపరచిన సచ్ఛిద్ర కాంక్రీటు దిమ్మలు ఇక్కడ ముఖ్యపాత్ర వహిస్తున్నాయి. హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఏఏసీ బ్లాకుగా వ్యవహారంలో ఉన్నది ఇదే. స్వీడన్‌లో 1920లలో రూపొందిన ఈ పదార్థంలో సున్నం, సిమెంటు, ఇసుకల ముద్దకు అల్యూమినియం పొడి కలిపితే పుట్టే హైడ్రోజన్ బుడగలే రంధ్రాలు చేస్తాయి. ఘనపు మీటరుకు 500 కిలోల చుట్టుపక్కల తూగే దిమ్మ వాహకత 0.15కు దగ్గరగా ఉంటుంది. ఇది ఫర్నేసు పదార్థం కాదు, కొన్ని వందల డిగ్రీల వద్దే దాని స్ఫటికాల్లోని నీరు వదలడం మొదలవుతుంది; అయితే ఆ నీరు ఆవిరి కావడానికి తాగే వేడి, ఖాళీ చేసే నిరోధం కలిసి, మంట ముందు గోడను గంటల తరబడి నిలబెడతాయి. 2020 జనవరి 4న సిడ్నీ పడమటి శివారు పెన్రిత్‌లో నమోదైన 48.9 డిగ్రీల వేడిని ఆపడానికీ, కార్చిచ్చు వికిరణాన్ని ఆపడానికీ ఒకే గోడ చాలినప్పటికీ, రెండింటికీ కారణం మాత్రం ఒకటి కాదు: మొదటి సందర్భంలో గాలి నిలిచిన ఖాళీయే అసలు పని చేస్తుంది, రెండో దానిలో నీటి ఆవిరి కూడా పాలుపంచుకుంటుంది.

ముగింపు

కోనసముద్రం మూస నుంచి శ్రీహరికోట పలక దాకా, బూడిద చెరువు నుంచి సిడ్నీ శివారు గోడ దాకా పరిశీలించిన విషయాలన్నీ ఒక నిర్ణయానికి దారితీస్తాయి. కొత్త సమ్మేళనాల అన్వేషణ అవసరమే. అయిదారు లోహాలను ఒకే స్ఫటికంలో కలిపి కంపనాలను చెదరగొట్టే జిర్కోనేట్లు వంటివి ఘనభాగపు వాహకతను ఇంకా తగ్గించగలవు. అయినా 1,000 డిగ్రీలకు పైన నష్టంలో పెద్ద వాటా కిరణాలదే కనుక, ఘనంలో సాధించిన తగ్గింపుకంటే రంధ్రాన్ని 2 మైక్రాన్ల దగ్గర నిలిపి, వేల గంటల పాటు అది అక్కడే నిలిచేలా చేయడం ఎక్కువ ఫలితమిస్తుంది. ఇందుకు కావలసిన ఇసుక, బంకమట్టి, ఊక, బూడిద తెలుగు నేల మీద కొరత లేకుండా ఉన్నాయి. జిర్కాన్‌లో ప్రపంచంలోని ప్రధాన ఉత్పత్తిదారుల్లో ఒకటైన ఆస్ట్రేలియాలో ముడిసరుకుకూ, దుమ్ము నియంత్రణలో అనుభవానికీ లోటు లేదు.

లోటు ఉన్నది కొలతలో. వాహకతను గది ఉష్ణోగ్రత వద్ద, బలాన్ని కొత్త దిమ్మ మీద, దుమ్మును ఎప్పుడో ఒకసారి కొలిచే అలవాటు పోవాలి. వాడే ఉష్ణోగ్రత వద్ద వాహకత, వెయ్యి గంటల తరువాత కుంచింపు, అనేకసార్లు వేడెక్కి చల్లారాక మిగిలే బలం, ఊడదీసే రోజున గాలిలోకి లేచే క్రిస్టబలైట్, ఈ నాలుగు అంకెలనూ ఒకే పట్టికలో అచ్చువేయని ఉత్పత్తిని ఏ ఫర్నేసు యజమానీ, ఏ ప్రయోగశాలా అంగీకరించకూడదు. వాటిలో నాలుగోది, ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమైందో ఆ పనివారికి శాస్త్రం ఇంతకాలం బాకీపడిన అంకె.